గదులు పెరగాలి, బోనుల రద్దీ కాదు

రేపు ఫార్మసీ, బయోటెక్నాలజీ, పశువైద్యం చదవబోయే వారు మనలో ఎందరో ఉన్నారు. వారికి ‘యానిమల్ హౌస్’తో పని పడక తప్పదు. ఎన్నో మందులను, టీకాలను మనుషులకు ఇచ్చే ముందు ఎలుకల మీద, కుందేళ్ల మీద పరీక్షించేది అక్కడే. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం 2022లో ప్రారంభమైంది. కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు.

పరిశోధనలు పెరిగితే ఉన్న యానిమల్ హౌస్ చాలదు. కానీ దాని పక్కనే నెలల తరబడి గోడలు పగలగొట్టి, డ్రిల్లింగ్ చేస్తే ఏమవుతుంది? మన చెవికి అందని శబ్దాలు కూడా ఎలుకలకు వినిపిస్తాయి. బెదిరిన తల్లి ఎలుక పిల్లలను సాకదు, ఒక్కోసారి తినేస్తుంది కూడా. భయపడిన జంతువు శరీరంలో హార్మోన్లు మారతాయి. ఆ ఫలితాలను నమ్మలేక ప్రయోగం మళ్లీ చేయాలి. అంటే మరికొన్ని ప్రాణాలు బలి!

అందుకే మాడ్యులర్ పద్ధతి మేలని నా అభిప్రాయం. ఇక్కడ పునాది వేస్తుండగానే అక్కడ ఫ్యాక్టరీలో గోడలు, గాలి గొట్టాలు, వైరింగుతో సహా గదులు తయారవుతాయి. వాటిని లారీలపై తెచ్చి క్రేనుతో దించి కలుపుతారు. జంతువుల దగ్గర చప్పుడు తగ్గుతుంది, సమయమూ కలిసొస్తుంది. అయితే అతుకులు గట్టిగా మూయాలి. సందు దొరికితే బొద్దింకలు, బయటి ఎలుకలు రోగాలు మోసుకొస్తాయి. గంటకు పది పదిహేను సార్లు గాలి మారాలి. కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. గది త్వరగా వచ్చింది కదా అని బోనులు కుక్కితే లాభమేమిటి? పది మంది గదిలో ఇరవై మంది సర్దుకుంటే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? మనం వార్డెన్ గారిని అడగగలం. బోనులోని ఎలుక ఎవరిని అడుగుతుంది?

జంతువులు లేకుండా చేయగలిగితే అలాగే చేయండి, తప్పకపోతే తక్కువ వాడండి, వాడినవాటికి బాధ తగ్గించండి అని రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే సూచించారు. మన దేశంలోనూ మందుల పరీక్షలకు జంతువులు లేని పద్ధతులను అనుమతిస్తూ 2023లో నిబంధనలు మార్చారు. కనుక కొత్త గది కట్టే ముందు ‘ఎన్ని జంతువులు పడతాయి?’ అని కాక, ‘ఎన్ని నిజంగా అవసరం?’ అని అడగాలి.

మిత్రులారా! రేపు ఆ తలుపు తాళంచెవి మీలో ఒకరి చేతికి రావచ్చు. ఆ రోజు ఈ ప్రశ్న అడగడం మరచిపోకండి.