మైదానమువారు

పార్వతీపురము దాటి గుమ్మలక్ష్మీపురము వైపునకుగాని, పాలకొండ దాటి సీతంపేట వైపునకుగాని పోయినచో, కొండలలోని సవరలును జాతాపులును మనలనందరిని కులధనభేదములు పాటింపక 'మైదానమువారు' అను ఒక్క మాటతో వ్యవహరించుట వినవచ్చును. వినుటకిది నివాసమును మాత్రమే తెలుపు నిర్దోషమైన మాట; కాని ఆ మాటకు తరతరముల అనుభవము అర్థమును కల్పించినది. సంతలో చింతపండు కావిడి భుజమునుండి దింపకమునుపే ధర చెప్పువాడు, తూచువాడు, నిరుటి అప్పునకు వడ్డీ కట్టి మినహాయించుకొనువాడు, మిగిలినదానికి ఉప్పును గుడ్డయు అమ్మువాడు, ఈ నలుగురును ఒక్కడే యైన కాలమున, ఆ ఒక్కడు మైదానమునుండి వచ్చిన షావుకారు. చిట్టా అతని చేతిలోనిది. అందలి అక్షరము ఋణగ్రస్తునకు తెలియదు. ఆ చిట్టా మూలముననే కొండక్రింది మడి చేతులు మారినది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు తుపాకులు పేల్చగా కోరన్న, మంగన్న అను నిరువురు మరణించిరి. శ్రీకాకుళపు కొండలు అటుపిమ్మట గిరిజనుల సాయుధపోరాటముతో రగిలిన తీరు లోకవిదితము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను ప్రభుత్వము 1970లో కఠినతరము చేసినది. అదియే జనులు 1/70 అని పిలుచు చట్టము. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి, అన్యథా రుజువగువరకు, గిరిజనునివద్దనుండి సంక్రమించినదిగనే భావింపబడునని అది శాసించుచున్నది. 1988లో సుప్రీముకోర్టు ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది.

ఈ చట్టమువలన గిరిజనేతరులకు స్వదేశములోని ఏజెన్సీలో పొలము కొనుటకు హక్కు లేకపోవుట అవమానముగదా యని మనవారిలో కొందరు వాపోవుచున్నారు. ఈ వాదమును నేనంగీకరింపను. మైదానమున మనము కొనదగిన నేల ఎంతైన కలదు. కొండవానికి పోయిన మడికి బదులుగా మరియొక కొండ లేదు. మనలో గిడుగు రామమూర్తిగారివంటి మహనీయులు లేరా యందురేని, ఉన్నారు. పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును 1938లో నిఘంటువును వెలువరించిన ఆయనకు మనమందరమును నమస్కరింపవలసినదే. అయినను ఆయన పుణ్యమును చూపి మన చిట్టాలను కొట్టివేయుమనుట న్యాయము కాదు.

నేడును గిరిజనుని పేర బినామీగా కొండనేల కొనువారు మన పట్టణములలో గౌరవముగ తిరుగుచున్నారు. చట్టమును సడలింపుమని కోరుటకు ముందు, ఆ బినామీ పత్రములను బయటపెట్టుమని మైదానమువారమైన మనమే ప్రభుత్వమును అడుగవలెను.