జ్యూరీ పిలుపు, భాష సాకు

అమెరికాలో స్థిరపడి ఆ దేశపు పౌరులైన మన చందాపుర బిడ్డలకు కోర్టుల నుండి జ్యూరీ పిలుపులు వచ్చుచున్నవి. వారి చెంతకేగి పౌరసత్వము పొందిన తల్లిదండ్రులకును వచ్చుచున్నవి. “ఇంగ్లీషు రాదని వ్రాసి పంపుడు, వదలిపెట్టుదురు” అను సలహా మన యిండ్లలో చేతులు మారుచున్నది. దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

సలహాకు ఆధారము లేకపోలేదు. అక్కడి ఫెడరల్ చట్టము ప్రకారము, అర్హత ఫారము నింపుటకు చాలినంత ఇంగ్లీషు చదువను వ్రాయను నేరనివారును, ఆ భాష మాటలాడలేనివారును జ్యూరీకి అర్హులు కారు. పౌరులు కానివారు అసలే కారు, గ్రీన్‌కార్డు చాలదు. సైనికులకు, పోలీసులకు, అగ్నిమాపక దళమువారికి మినహాయింపు కలదు. డెబ్బది యేండ్లు దాటినవారు కోరినచో పెక్కు ఫెడరల్ కోర్టులు వదలుచున్నవి. రాష్ట్రముల కోర్టులకు వేరు నిబంధనలు. ఎట్లైనను జవాబు పంపవలసినదే. ఆరు నెలలు ఇక్కడ గడుప వచ్చిన తండ్రి పేరిటి కవరును అక్కడ కొడుకు సొరుగులో పడవేయరాదు. పిలుపును లెక్కచేయనివారికి ఫెడరల్ కోర్టు వేయి డాలర్ల వరకు జరిమానా, మూడు దినముల వరకు ఖైదు విధింపవచ్చును. తప్పించుకొనుటకై ఫారములో బుద్ధిపూర్వకముగా అబద్ధము వ్రాసినవారికిని అదే శిక్ష. ఇరువది యేండ్లుగా ఇంగ్లీషులో కొలువు చేయుచున్న ఇంజనీరు తనకు ఆ భాష రాదని వ్రాసినచో ఎవరు నమ్ముదురు?

శిక్ష మాట అటుంచుదము. మన దేశములోని పాత చట్టమును చూడుడు. ఆనేకల్లు తాలూకా మైసూరు సంస్థానములో ఉన్న దినములలో, అత్తిబెలె దాటినంతనే బ్రిటిషు ఇండియా. అచ్చటి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు వైద్యులను, వకీళ్లను, పూజారులను, తపాలా తంతి శాఖల ఉద్యోగులను జ్యూరీ నుండి మినహాయించినది. వారి పని ఆగిన ఊరికి ఇబ్బంది. అది గౌరవముతో కూడిన మినహాయింపు. అదే కోడు మరియొకచోట ఎవరిపై ఆక్షేపణ చెప్పవచ్చునో వ్రాసినది: పక్షపాతము గలవాడు, వ్రతము పూని లోకవ్యవహారములను విడిచినవాడు, సాక్ష్యము చెప్పబడు భాష తెలియనివాడు. సన్న్యాసి తానై లోకమును విడిచెను. భాష తెలియనివాడు ఏమి విడిచెను?

బొంబాయిలో 1959లో నానావతిని జ్యూరీ ఎనిమిది మందికి ఒక్కరుగా నిర్దోషి యనగా, జడ్జి అంగీకరింపక కేసును హైకోర్టుకు పంపెను. 1973 నాటి కోడులో జ్యూరీకి చోటు దక్కలేదు. కనుక ఈ ప్రశ్న మన పిల్లలకు సముద్రము దాటిన తరువాతనే ఎదురగుచున్నది.

అక్కడ భాష తెలియకుండుటయే కాదు, తెలియుటయు అడ్డు కావచ్చును. 1991లో హెర్నాండెజ్ కేసున స్పానిషు తెలిసిన ఇరువురిని ప్రాసిక్యూటరు జ్యూరీలో చేరనీయలేదు. సాక్షి మాట స్వయముగా విని, దుబాసీ ఇంగ్లీషును కాదందురేమో యని శంక. అమెరికా సుప్రీంకోర్టు అది జాతివివక్ష కాదనెను. రేపు సాక్షి తెలుగులో చెప్పి, జ్యూరీలో మన తెలుగువాడున్నచో అతనికిని ఇదే చిక్కు. సాక్షి “కొడతా” ననుట బెదిరింపో, ఉత్త కోపమో మనకు తెలియును. కాని తీర్పు దుబాసీ మాటపైననే చెప్పవలెను. ఇది మాకు మింగుడుపడని నియమము.

న్యూ మెక్సికో రాష్ట్రము వేరు దారి పట్టినది. ఇంగ్లీషు గాని స్పానిషు గాని రాదను కారణమున పౌరుని జ్యూరీ హక్కు తగ్గింపరాదని ఆ రాష్ట్ర రాజ్యాంగమే చెప్పుచున్నది. రాష్ట్ర కోర్టులలో భాష రాని జ్యూరర్ల ప్రక్కన దుబాసీలు కూర్చుందురు. అల్పసంఖ్యాకులమైన మనకు నచ్చవలసిన పద్ధతి ఇదియే. పరభాషల నడుమ తరతరములుగా బ్రతికిన మనము, భాష పేరిట పక్కకు నెట్టబడుట యెట్లుండునో ఎరుగుదుము. ఆ నెట్టుడును మన పిల్లలే అడిగి తెచ్చుకొనుట మేము మెచ్చలేము.

నిజముగా ఇంగ్లీషు రాని అవ్వ తాతలు ఆ మాటయే వ్రాయుదురు గాక; అందు సిగ్గుపడవలసినది లేదు. ఫారము అర్థము కానివారు దానిని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో చదివి చెప్పుదుము. జవాబు మాత్రము ఎవరిది వారే చేవ్రాలు చేసి, గడువు లోపల పంపవలెను.