రెండు డిస్కులుంటే హిఫాజత్ అయిపోయినట్టేనా?



మన మస్జిద్ కమిటీలు, మదర్సాలు కాగితం రిజిస్టర్లు వదిలి కంప్యూటర్‌కి మారుతున్నాయి. చందా హిసాబు, జకాత్ లెక్కలు, నికాహ్‌నామాల నకళ్లు, హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లల సనదులు అన్నీ ఒక చిన్న సర్వర్‌లోకి చేరుతున్నాయి. మంచిదే. ఇలాంటి సర్వర్లు పెట్టే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలి. ‘రెండు డిస్కులు పెట్టించాం జనాబ్, ఇక ఫికర్ లేదు’ అని కమిటీల పెద్దలు అంటుంటారు. ఆ మాటలో సగం నిజం, సగం గలత్‌ఫహ్మీ.

ముందు నిజమైన సగం. హార్డ్ డిస్క్ ఏదో ఒకరోజు చచ్చిపోయే వస్తువు. ఎప్పుడన్నది అల్లాహ్‌కే ఎరుక. అందుకే రెండు డిస్కులు పెట్టి, రాసే ప్రతి అక్షరాన్నీ రెండింటి మీదా ఒకేసారి రాయిస్తారు. దీన్నే మిర్రరింగ్ అంటారు. జమాత్ నడుస్తుండగా ఇమామ్ సాబ్ వుజూ పోతే వెనక సఫ్ నుంచి ఒకరు ముందుకొచ్చి నమాజు కొనసాగిస్తారు కదా, అలాగే ఒక డిస్క్ పోతే రెండోది పని ఆగనివ్వదు.

ఈ పనికి ఖరీదైన రెయిడ్ కార్డు అక్కర్లేదన్నది నా రాయ్. కార్డు కాలిపోతే చాలాసార్లు అదే రకం కార్డు మళ్లీ వెతుక్కోవాలి. పాత మోడల్ అయితే దొరకడమే ముష్కిల్. సాఫ్ట్‌వేర్ మిర్రర్‌కి ఆ తిప్పలు లేవు. యూనిక్స్ ఖాందాన్‌కి చెందిన ఫ్రీబీఎస్‌డీనే చూడండి. ఉచితంగా దొరుకుతుంది. అందులో జీమిర్రర్ అనే సాధనం 2004లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచీ ఉంది. సర్వర్ పాడైతే డిస్క్ తీసి ఫ్రీబీఎస్‌డీ ఉన్న ఇంకో మిషన్‌లో పెట్టి చదువుకోవచ్చు.

పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. జీమిర్రర్ తన గుర్తులను డిస్క్ చిట్టచివరి సెక్టార్‌లో రాసుకుంటుంది. ఇప్పటి డిస్కుల్లో వాడే జీపీటీ అనే విభజన పట్టిక కూడా తన రెండో నకలును అక్కడే పెడుతుంది. ఇద్దరికీ ఒకే జాగా అంటే తకరారే. అందుకే జీపీటీ వాడితే డిస్క్ మొత్తాన్ని కాకుండా పార్టిషన్లను విడివిడిగా మిర్రర్ చేయడం మేలు. రెండోది, నడుస్తున్న సర్వర్‌ని మిర్రర్‌లోకి మార్చేటప్పుడు కొత్త డిస్క్ మీద మిర్రర్ కట్టి, డేటా దానిమీదికి నకలు చేసి, దాంతోనే సర్వర్ లేపి, ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే పాత డిస్క్‌ని జత చేయాలి. జత చేసిన క్షణం నుంచి పాత డిస్క్ మీద ఉన్నది చెరిగిపోతూ కొత్తదాని నకలు పడుతుంది. అక్కడ జల్దీ పనికిరాదు.

ఇక గలత్‌ఫహ్మీ సంగతి. మిర్రర్ అంటే ఆయీనా. ఆయీనా ముందు మీరు ఏం చేస్తే అది అదే చేస్తుంది. ఆఫీసులో కుర్రాడు పొరపాటున నికాహ్‌నామాల ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండు డిస్కుల మీదా పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండు చోట్లా తాళం పడుతుంది. దొంగ డబ్బా ఎత్తుకుపోతే రెండు డిస్కులూ అతనితోనే పోతాయి. హైదరాబాద్ వాళ్లకు 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ తుగ్యానీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు ఇంట్లోకి వచ్చాక ఒకే సందూఖ్‌లో రెండు నకళ్లున్నా పది నకళ్లున్నా ఫరఖ్ ఏముంది?

ఈ సబక్ మనకు కొత్త కాదు. యమామా జంగ్‌లో ఎందరో హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఫికర్ చేశారు. హజ్రత్ అబూబకర్ (రజి) హుకుంతో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట రాతలో చేర్చారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) దాని నకళ్లు రాయించి వేర్వేరు షహర్లకు పంపారు. అన్నీ మదీనాలో ఒకే గదిలో పెట్టలేదు.

ఇంకో సంగతి. తరావీలో హాఫిజ్ సాబ్ తడబడితే వెనక నిలబడ్డ సామె లుఖ్మా ఇస్తాడు. సరైనది ఏదో అతనికి తెలుసు కాబట్టే ఇవ్వగలడు. మామూలు మిర్రర్‌కి ఆ ఇల్మ్ లేదు. రెండు డిస్కుల మీద రాత తేడా వస్తే ఏది సహీయో అది చెప్పలేదు. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు సోలారిస్ కోసం తయారుచేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ చెప్పగలదు. ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్ రాసి పెట్టుకుని, ఖరాబైన నకలును మంచి నకలుతో సరిచేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో అదీ ఉంది. కొత్తగా పెట్టేవాళ్లు, సర్వర్‌లో మెమరీ కాస్త ఎక్కువుంటే, జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రరే పెట్టుకోండని నా మష్వరా. కానీ అదైనా సందూఖ్‌లో రెండో నకలే. ఇంకో షహర్‌లో నకలు కాదు.

‘మూడో డిస్క్‌కి పైసలెక్కడివి?’ అంటారు. ఝూమర్‌కి, ఏసీలకు చందా దొరికింది కదా. ‘ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాం’ అని ఇంకొందరు. ఎక్కించండి, అయితే తాళం వేసి ఎక్కించండి. అందులో మన ఆడబిడ్డల వివరాలున్నాయి. ఆ అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది? పెట్టిన అబ్బాయి రేపు దుబాయ్ పోతే పాస్‌వర్డ్ కూడా అతనితో పోకూడదు.

అసలు కమీ మాత్రం పైసల్లో లేదు, జిమ్మేదారీలో ఉంది. ఒక డిస్క్ పోయినా సర్వర్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. జీమిర్రర్ స్టేటస్ అని అడిగితే ‘కంప్లీట్’ బదులు ‘డిగ్రేడెడ్’ అని చూపిస్తుంది. అడిగేవాడుండాలి కదా. ఫ్రీబీఎస్‌డీ రోజూ పంపే రిపోర్టులో మిర్రర్ హాల్ చేర్చే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేసి, ఆ మెయిల్ సర్వర్ లోపలే పడి ఉండకుండా ఒక మనిషికి చేరేలా చేయాలి. ఆ మనిషి ఎవరో కమిటీ తీర్మానంలో పేరుతో రాయాలి.

భర్త పోయిన ఒక బేవా విరాసత్ హక్కు కోసం నికాహ్‌నామా నకలు అడగడానికి మస్జిద్‌కి వస్తుంది. ‘కంప్యూటర్ ఖరాబైంది అమ్మా’ అని ఆమెను తిప్పి పంపడం అమానత్‌లో ఖయానతే అంటాను. చందా హిసాబు పోతే నిజాయితీపరుడైన సదర్ సాబ్ మీద కూడా షక్ పడుతుంది.

ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మన పిల్లలక్కూడా నేర్పుతాం. మిర్రర్ పెట్టండి, మొదటి ముడి అదే. వారానికోసారి బయటి డిస్క్ మీదికి నకలు తీసి, దాన్ని మస్జిద్‌లో కాకుండా ఇంకో మొహల్లాలో తాళం కింద పెట్టండి. ఏటా రమ్‌జాన్‌కి ముందు ఆ బయటి డిస్క్ నుంచి ఏదో ఒక పాత నికాహ్‌నామా తెరిచి, ప్రింటు తీసి, కమిటీ ముందు పెట్టమని అడగండి. ప్రింటు వచ్చిందా, సరే. రాలేదా, ఈద్ లోపే ఇంతెజాం చేయించండి.