యువకుల ఏడాది ప్రణాళిక

మస్జిదులలో యువకుల కోసం జరిపే ధార్మిక తరగతులను ఇప్పుడు చాలా చోట్ల ఫోను క్యాలెండరులోనే రూపొందిస్తున్నారు. ఇది అభినందనీయమే. ఒకసారి తేదీ నమోదు చేస్తే పిల్లలకూ, తల్లిదండ్రులకూ ఒకేసారి తెలుస్తుంది. అయితే రెండు విషయాలను గుర్తుచేయదలిచాము.

మొదటిది తేదీల సంగతి. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినాలే. నిరుటి రమజాన్ తరగతిని ఏటా అదే తేదీకి వచ్చేలా ఉంచితే, ఈ ఏడు పది పదకొండు రోజులు తేడా వస్తుంది. ఫోను చూపే హిజ్రీ తేదీ లెక్కకట్టినది. మనకు నెల మొదలయ్యేది నెలవంక దర్శనంతో. 2025లో ఉపవాసాలు సౌదీ అరేబియాలో మార్చి 1న, మన దేశంలో మార్చి 2న ఆరంభమయ్యాయి. ఆ మార్చిలోనే ఇంటర్ పరీక్షలూ జరిగాయి. కనుక ముందుగా పరీక్షల రోజులను గుర్తించి, మిగిలిన వారాలలో పాఠాలను అమర్చాలి. హిజ్రీ తేదీలకు ఒక రోజు వెసులుబాటు ఉంచాలి.

రెండవది హాజరు పట్టిక. ఒక యువకుని పేరు ఎదుట మూడు వారాలు వరుసగా ఖాళీ కనిపిస్తే, మరో వాట్సాప్ సందేశం పంపి ఊరుకోరాదు. అస్ర్ నమాజు తర్వాత ఇద్దరు పెద్దలు ఆ ఇంటికి వెళ్లాలి. ఫీజు కట్టలేక పనిలో చేరాడేమో, తల్లి జబ్బుపడిందేమో, నలుగురిలో అవమానపడ్డాడేమో! తెలిసిన కష్టాన్ని అందరూ చూసే పట్టికలో రాయకూడదు. అది అమానత్.

ప్రణాళిక వేసే సోదరులు తేదీలకన్నా ముందు, ప్రతి పదిమంది యువకులకు ఒక బాధ్యుణ్ణి నియమించుకోవాలని మా మనవి. అల్లాహ్ మన పిల్లలకు సన్మార్గంపై స్థైర్యం ప్రసాదించుగాక! ఆమీన్.