ముక్కు వెనుక తిరగబెట్టే క్యాన్సర్

నాసికాగ్రసని క్యాన్సర్ ముక్కు వెనుక, కపాలం అడుగున, కంటికి కనిపించని చోట పుడుతుంది. దక్షిణ చైనాలో, మన నాగాలాండ్‌లో ఎక్కువ. తెలుగు నేలపై అరుదు. అందుకే అమలాపురంలోనైనా రాజోలులోనైనా ఒక చెవి దిబ్బడ, చీమిడిలో రక్తపు చార, మెడలో నొప్పిలేని గడ్డ కనిపిస్తే జలుబని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది.

తొలి చికిత్స రేడియేషన్. ముదిరితే కీమోథెరపీ తోడవుతుంది. అదే చోట తిరగబెడితే మళ్లీ రేడియేషన్ ఇవ్వడం ఎముకకు, రక్తనాళాలకు, మెదడుకు చేటు చేయవచ్చు. శస్త్రచికిత్స విలువ అక్కడే తెలుస్తుంది. పైదవడను తలుపులా పక్కకు తెరిచి గడ్డను తీసే పద్ధతిని హాంకాంగ్ సర్జన్ విలియం వెయ్ బృందం 1991లో ప్రచురించింది. ఇప్పుడు తగిన రోగులకు ముఖంపై కోత లేకుండా, ముక్కులోంచే ఎండోస్కోపుతో తీస్తున్నారు. చైనాలో 200 మందిపై జరిపి 2021లో వెల్లడించిన పరిశోధనలో మూడేళ్ల మనుగడ ఈ శస్త్రచికిత్సతో 85.8 శాతం, రెండో రేడియేషన్‌తో 68 శాతం. ఇది చిన్న తేడా కాదు. అయితే గడ్డ చిన్నదై, మెదడుకు రక్తం చేర్చే ధమనికి ఎడంగా ఉన్నవారికే ఈ అవకాశం.

కాబట్టి రేడియేషన్ ముగించుకుని కొత్తపేటకో రాజోలుకో తిరిగొచ్చిన రోగి గడువు ప్రకారం ఎండోస్కోపీ, ఎంఆర్‌ఐ పరీక్షలు మానకుండా చేయించుకోవాలి. ఆ పరీక్షల సౌకర్యం వారి జిల్లాలోనే అందేలా ప్రభుత్వం చూడాలి.