మాన్యువల్ ఎవరి కోసం?

పుస్తకం అర్థం కాకపోతే లోపం చదివేవాళ్లదేనని ఎవరు తేల్చారు? పైథాన్ నేర్చుకోవటానికి కూర్చున్న మన సంస్థల కార్యకర్తలు వారం తిరక్కుండానే "నాకంత బుర్ర లేదు మేడం" అంటున్నారు. ఎఫ్ఐఆర్‌లో ఏ ముక్క ఎగ్గొట్టారో చూడగానే పట్టేసే స్త్రీలు వీళ్లు! వీళ్లకు బుర్ర లేదంటే నేను నమ్మను.

మాడ్యూల్ సంగతే చూద్దాం. బాధితురాలి వయసు, కేసు నడిచిన రోజులు లెక్కకట్టే ఫంక్షన్లను ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే అదే మాడ్యూల్. మరో ప్రోగ్రాంలో 'ఇంపోర్ట్' అని ఆ ఫైలు పేరు రాస్తే చాలు, ప్రతి రిపోర్టుకూ మళ్లీ రాయనక్కర్లేదు. పైథాన్ ప్రారంభ పాఠంలో ఈ మాట ఉంది, కాదనను. కానీ ఫైలు ఇంకో ఫోల్డర్‌లో ఉండి 'మాడ్యూల్ దొరకలేదు' అని కంప్యూటర్ మొరాయించిన రోజున ఆమె రిఫరెన్స్ తెరుస్తుంది. అక్కడ ఫైండర్లు, లోడర్లు, మెటా పాత్, నేమ్‌స్పేస్ పాకేజీలు! అన్నీ నిజాలే, ఆ పూటకి ఏదీ పనికిరాదు. ఆమెకు కావలసింది ఒక్క వాక్యం: ముందు రెండు ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టు. ఇంగ్లీషే ఒక గోడ అనుకుంటే ఇది ఆ గోడ వెనక మరో గోడ.

"కష్టపడితే వస్తుంది, ఎనియాక్ స్త్రీలకు మాన్యువల్ కూడా లేదు" అని ఒక మగ నిపుణుడు నాకు పాఠం చెప్పాడు. నిజమే. 1945లో ఫిలడెల్ఫియాలో ఆ ఆరుగురు స్త్రీలు యంత్రం పటాలు చూసే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. అయితే వాళ్లు జీతం తీసుకుంటూ, ఆరుగురూ కలిసి, ఇంజనీర్లను అడిగి తెలుసుకునే వీలుతో నేర్చుకున్నారు. ఇంటి పని ముగించుకుని రాత్రి పదింటికి ఒంటరిగా తెర ముందు కూర్చునే మనిషికి ఇందులో ఏది ఉంది? ఆ యంత్రానికి 1946లో మాన్యువల్ రాసింది కూడా ఒక స్త్రీయే, అడెల్ గోల్డ్‌స్టైన్. ఆ మాట ఆయన చెప్పలేదు.

కోడ్ రాస్తే ప్రతిష్ఠ, దాన్ని పదిమందికీ అర్థమయ్యేలా రాస్తే చాకిరీ. వంటింట్లో మనం ఎరిగిన విభజనే ఇది.

దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? రిపోర్టులో ఒక్క కాలమ్ మార్చాలన్నా బయటి ప్రోగ్రామర్‌ను పిలుస్తున్నాం. డబ్బుతో పాటు, హింసకు గురైన స్త్రీల పేర్లు, చిరునామాలున్న ఫైలు కూడా అతని చేతిలో పెడుతున్నాం. గోప్యత గురించి మనం రాసుకున్న నియమాలు ఆ క్షణాన ఏమైనట్టు?

కంప్యూటర్ శిక్షణకు డబ్బు అడిగే ప్రతి ప్రతిపాదనలోనూ ఇంకో పద్దు చేర్చాలి. కొత్తగా నేర్చుకున్నామె, తను ఎక్కడెక్కడ ఆగిపోయిందో మరిచిపోకముందే, తన తర్వాత వచ్చే ఆమె కోసం తెలుగులో మాన్యువల్ రాయాలి. ఆ రాతకు వేతనం ఇవ్వాలి. నిపుణులు దాన్ని దిద్దవచ్చు, కానీ ఆమెకు అర్థంకాని మాట ఒక్కటి కూడా చేర్చటానికి వీల్లేదు.