ఆపు అనే మాట ఎవరిది?

మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, గ్లైడింగ్ క్లబ్బుల చేరిన" అన్నప్పుడు నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. ఏదో డాన్స్ క్లాసు అనుకున్నాను. "మంచిదే బిడ్డా, ఒళ్లు కదుల్తది" అని కూడా అన్నాను. రెండు రోజులకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పొడుగాటి రెక్కల తెల్లటి విమానం, అందులో ముందు సీట్లో మా పిల్ల. ఇంజన్ ఎక్కడుందా అని మా ఆయన ఫోటోను అటూ ఇటూ జరిపి పెద్దది చేసి చూశారు. ఎక్కడా లేదు. గ్లైడర్‌కి ఇంజన్ ఉండదట. పైకి లాగి వదిలేస్తే గాలి మీదే తిరిగి గాలి మీదే దిగుతుందట.

ఆ రాత్రి ఫోన్లో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మీలో పెళ్లికాని ఆడపిల్లను దేశం దాటించిన ప్రతి తల్లికీ అవి నోటికొచ్చినవే. అన్నీ విని "సరే అమ్మా" అంది. మానలేదు. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఆ గుట్ట మీదకే పోయింది. మాది కొండగట్టు కింద ఇల్లు. తెల్లారి లేస్తే కనపడేది అంజన్న గట్టే. దానికి రోజూ ఒక దండం ఎక్కువ పెట్టడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

పోయినేడాది మేమిద్దరం వెళ్లి మూడు నెలలు ఉన్నాం. ఆగస్టులో ఒక శనివారం "ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత ఎంతన్న తిట్టు" అని నన్ను తీసుకెళ్లింది. ష్రాప్‌షైర్ అనే జిల్లాలో లాంగ్ మిండ్ అని పొడుగాటి గట్టు ఉంది. ఎత్తు 516 మీటర్లు. పైకి పోయే దారి ఒకే కారు పట్టేంత సన్నం, ఒక పక్క లోయ. ఆ లోయ చూడగానే నాకు మన ఘాట్ రోడ్డే గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గుట్టంతా ఊదారంగు పూలు, వాటి మధ్య గొర్రెలు, ఆ పైన చప్పుడు లేకుండా తిరుగుతున్న రెక్కలు. అదే మిడ్‌ల్యాండ్ గ్లైడింగ్ క్లబ్బు. 1934 నుంచి ఆ గుట్ట మీదే ఉందట. 1930లో ఇంగ్లాండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన ఏమీ జాన్సన్ ఆ తర్వాత కొన్నేళ్లు ఈ క్లబ్బులో సభ్యురాలు. ఆ సంగతి మా అమ్మాయి నాకు ఒకటికి మూడుసార్లు చెప్పింది, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

డబ్బు కడతారు, ఎగురుతారు, ఇంటికి పోతారు అనుకున్నాను నేను. అక్కడ చూస్తే అందరూ పనివాళ్లే. పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి గ్లైడర్లను ఒక్కొక్కటే బయటికి నెట్టడం, ప్రతి బోల్టూ ప్రతి కీలూ చూసి పుస్తకంలో సంతకం పెట్టడం, దిగిన గ్లైడర్‌ను మళ్లీ వరుసలోకి తేవడం, కిలోమీటరు దూరంలో ఉన్న విన్చ్ నడపడం అన్నీ సభ్యులవే. విన్చ్ అంటే పెద్ద చక్రానికి చుట్టిన తాడును ఇంజన్‌తో గబగబా లాగే యంత్రం. పతంగి దారం లాగినట్టు లాగితే గ్లైడర్ నిమిషం లోపే వెయ్యి అడుగుల పైకి పోతుంది. వారాంతాల్లో నేర్పేవాళ్లు కూడా జీతం కోసం నేర్పడం లేదు. ఒకాయన రిటైరైన డాక్టరు, ఒకామె బడిలో లెక్కల టీచరు. అదృష్టం బాగుండి గాలి పట్టుకుంటే గంటలు ఎగరొచ్చు, లేకపోతే ఆరేడు నిమిషాల్లో కిందికి. ఆ రోజు మా అమ్మాయి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పనిచేసి, ఎగిరింది పదకొండు నిమిషాలు. నిమిషాలు ఎలా తెలుసంటే, రాసింది నేనే. "ఊకె కూసోకు అమ్మా" అని లాగ్ షీట్ చేతికిచ్చారు. ఎవరు ఎక్కారు, ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి దిగారు. పాల లెక్క, చిట్టీ లెక్క ఇరవై ఏళ్లు రాసిన చేతికి అదెంత పని!

వాళ్ల మీద మెచ్చుకోలుతో కళ్లు తిరిగి ఇది రాయడం లేదు. ఇంత పని కలిసి చేసుకోవడం మనకు కొత్తేం కాదు. సద్దుల బతుకమ్మ ఎవరి జీతం మీద నడుస్తుంది? మహిళా సంఘం పుస్తకాలు రాసేది ఎవరు? కలిసి చెయ్యడం మనకు వచ్చు. రానిది వేరే ఉంది, అది ఆ మధ్యాహ్నం చూశాను.

డెబ్భై దాటిన ఒక పెద్దాయన గ్లైడర్లో కూర్చున్నారు. ఆ క్లబ్బులో అందరికన్నా పాతవాళ్లలో ఒకరట. పైమూత వేసుకున్నారు, తాడు తగిలించారు, రెక్క కొస పట్టుకునే అమ్మాయి రెక్కను సమంగా లేపింది. తాడు బిగుస్తోంది. నా పక్కన నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒక్కసారిగా చెయ్యి పైకెత్తి "స్టాప్!" అని అరిచాడు. వెంటనే మిగతా వాళ్లంతా "స్టాప్, స్టాప్" అని అందుకున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. రెక్క కిందికి వచ్చింది, తాడు ఊడింది, విన్చ్ ఆగింది. అప్పుడు అడిగారు. రెక్క మీది ఎయిర్‌బ్రేకు కొంచెం లేచినట్టు అనిపించిందన్నాడు. అది తెరిచి ఉండగా లేస్తే గ్లైడర్ సరిగ్గా పైకి పోలేదు. వెళ్లి చూశారు. సరిగ్గా మూసే ఉంది. వాడు చూసింది ఎండ మెరుపు.

నేనైతే ఇప్పుడు వాడికి పడతాయి అనుకున్నాను. పెద్దాయన పైమూత తీసి, ఆ పిల్లవాడి వైపు చూసి "థాంక్యూ" అన్నారు. అంతే. మళ్లీ మొదటి నుంచి అన్నీ సరిచూసుకుని లేచిపోయారు. లాగ్ షీట్లో చూస్తే మొత్తం పోయింది నాలుగు నిమిషాలు.

మా అమ్మాయిని అడిగితే అది అక్కడి నియమమంది. అక్కడ నిలబడ్డవాళ్లెవరైనా, నిన్న చేరినవాళ్లయినా, చూడ్డానికి వచ్చిన చుట్టమైనా, తేడాగా అనిపిస్తే ఆపమనొచ్చు. ముందు ఆపాలి, తర్వాతే అడగాలి. తప్పుగా ఆపినవాళ్లను ఎగతాళి చేస్తే, రేపు నిజంగా చూసినవాడు కూడా నోరు తెరవడు. అందుకని తప్పు ఆపుడుకు కూడా థాంక్యూనే. "మరి నేను కూడా ఆపొచ్చా?" అన్నాను. "నువ్వు ఫోన్ల మూడేండ్ల సంది ఆపుతనే ఉన్నవు గదా" అని నవ్వింది.

ఆ నియమాన్ని మరుసటి రోజే నా మీద వాడుకున్నాను. రెండు సీట్ల గ్లైడర్లో నన్ను కూర్చోబెట్టి, పారాచూట్ తగిలించి, బెల్టులు బిగించారు. పైమూత వేయబోతుంటే నా గుండె గొంతులోకి వచ్చింది. "స్టాప్" అన్నాను. సన్నగానే అన్నాను. అందరూ ఆగిపోయారు, బెల్టులు విప్పి దింపారు. ఇంత దూరం వచ్చి ఇదేంటని ఎవరూ అనలేదు, బతిమాలలేదు, వెనుక నవ్వలేదు. నా సీట్లోకి ఇంకొకరు ఎక్కారు. యాభై మూడేళ్ల జీవితంలో నేను వద్దంటే అంత త్వరగా, అంత మామూలుగా విన్న చోటు ఇంకొకటి గుర్తుకు రావడం లేదు. మా ఆయన మాత్రం ఎగిరొచ్చి వారం రోజులు అదే చెప్పారు.

ఎగరకపోయినా తాడు లాగాను. పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున అక్కడ విన్చ్ లేకుండా పాత పద్ధతిలో కూడా లేపుతారు. గ్లైడర్ ముక్కుకు పొడవాటి రబ్బరు తాడు కట్టి, రెండు కొసలు రెండు గుంపులు పట్టుకుని, గుట్ట అంచు మీంచి కిందికి పరిగెత్తాలి. పిల్లలు పిట్టలను కొట్టే గులేరు లాగానే. ముందు నడవమంటారు, తర్వాత ఉరకమంటారు. పంజాబీ డ్రెస్సు, బిడ్డ బూట్లు వేసుకుని నేనూ ఉరికాను. బోర్లా పడ్డాను. తలెత్తేసరికి గ్లైడర్ మా నెత్తి మీంచి చప్పుడు లేకుండా లోయలోకి సాగిపోయింది, అందులో మా అమ్మాయి. మహేంద్రగిరి మీంచి అంజన్న ఎగిరినప్పుడు కింద నిలబడ్డ కోతిమూకకు ఎలా అనిపించి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇక నేను చెప్పదలుచుకున్నది. మన ఇళ్లల్లో పిల్లలకు నేర్పే మొదటి గుణం ఏంటి? పెద్దలు అంటే వినాలి, ఎదురు చెప్పొద్దు, మధ్యల మాట్లాడొద్దు. నేనూ అదే నేర్పాను. "మంచి పిల్ల, నోట్లో నాలుక లేదు" అని చుట్టాలు మెచ్చుకుంటే పొంగిపోయాను. పిల్లలను బండి మీద కూర్చోబెట్టుకుని మామయ్య తాగి నడుపుతుంటే, వెనక కూర్చున్న పిల్ల ఏమనాలి? మనం నేర్పిన లెక్కన ఏమీ అనకూడదు. కోడలికి నోరుండదు, చిన్నకొడుక్కి ఉండదు, పనికొచ్చే పిల్లకు అసలే ఉండదు. చూసే కళ్లేమో వాళ్లవే ఎక్కువ.

2018 సెప్టెంబరు 11న మా ఘాట్ రోడ్డు దిగుతూ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, చాలామంది ఆడవాళ్లు. అందులో పట్టాల్సినవాళ్లకన్నా చాలా ఎక్కువమంది ఉన్నారని అప్పుడు అన్ని పేపర్లలో వచ్చింది. ఆ రోజు మా వాడకట్టులో పొయ్యి వెలగలేదు. పోయినవాళ్ల మీద, నడిపినవాళ్ల మీద తీర్పు చెప్పడానికి నేనెవరిని? నా సంగతి మాత్రం చెప్పగలను. అంతకుముందు ఎన్నోసార్లు అలా కిక్కిరిసిన బండ్లలో ఒంటికాలి మీద నిలబడి ఆ మలుపులు దిగాను. ఒక్కసారి కూడా "ఆపు, కొందరం దిగుతం" అనలేదు. ఎట్లాగంటాం? అందరూ ఊరుకున్నప్పుడు ఆడది అరిస్తే బాగుండదు కదా. భయం వేసేది, అంజన్నా అని కళ్లు మూసుకునేదాన్ని. లాంగ్ మిండ్ ఎక్కుతూ మూసుకున్నట్టే.

ప్రతివాళ్లూ ఆపితే పని ఎప్పుడవుతుందని మా ఆయన వాదించారు. నేను చూసిన రెండు రోజుల్లో ఆపింది మూడుసార్లు, అందులో ఒకటి నాది. అనే హక్కు ఉన్నప్పుడు జనం దాన్ని ఊరికే వాడరు. అది లేనప్పుడే నాలాగా మూడేళ్లు ఫోన్లో రోజూ అడ్డం పడతారు. మా అమ్మాయి ఎగరడం నాకు ఇప్పటికీ భయమే, కాదనను. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడి మాటకు డెబ్భై ఏళ్ల పెద్దాయన ఆగిన చోటు కనుక, ఆ భయంతో నిద్రపోగలుగుతున్నాను.

ఈ ఏడు చిన్న జయంతికి మా పెద్దబావ వాళ్లు జగిత్యాల నుంచి ట్రాలీ ఆటోలో వచ్చారు. కొడుకులిద్దరూ మాల వేసుకున్నారు. మమ్మల్ని ఎక్కించుకుని పైకి పోవాలని మా ఇంటి ముందు ఆపారు. అప్పటికే పదమూడు మంది, మేం ఐదుగురం. "ఎక్కుండ్రి, దగ్గరనే గదా" అన్నారు బావ. నేను పూజ బుట్ట కింద పెట్టి "ఆపుండ్రి బావా, గింత మందితోని ఘాట్ ఎక్కొద్దు" అన్నాను. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లలో బావ ముందు నేను అంత పెద్దగా మాట్లాడింది అదే మొదటిసారి. "దేవుని దగ్గరికి పోంగ అపశకునపు మాటలేంది?" అన్నారాయన. మా ఆయన నేల చూశారు. నేను మెట్ల దారి పట్టాను. వెనక్కి చూస్తే ఆటో దిగి ముగ్గురు పిల్లలు, మా తోటికోడలు వస్తున్నారు. మా ఆయన కూడా, కాస్త వెనకగా.

అప్పటి నుంచి బావ నాతో మాట్లాడడం లేదు. బాధగానే ఉంది, పెద్దాయన.

మొన్న ఆయన కోడలు ఫోన్ చేసింది. ఆ రోజు మాతో మెట్లెక్కిన పిల్లల్లో ఒకతి, తొమ్మిదేళ్లది, బడి ఆటో ఎక్కనని రోడ్డు మీద నిలబడిందట. "చిన్న నానమ్మ ఆపుమనొచ్చు అన్నది" అని చెప్పిందట. "నువ్వే నేర్పినవట గదా చిన్నత్తమ్మా" అంది. అది కోపమో మెప్పో గొంతును బట్టి తెలియలేదు. ఆటోల ఎంతమంది ఉన్నరని అడిగాను.

"పదకొండు మంది, దీన్నిడిసిపెట్టి" అంది.